పక్కింటి టీవీలో నా లాప్‌టాప్

మా జింగనూర్‌లో యంత్రమేదైనా ఆగిపోతే "ఏమైంది?" అని ముందు ఎవరూ అడగరు. "యాడికి తీస్కపోవాలె?" అని అడుగుతారు. మోటరు కాలినా, మిక్సీ తిరగకున్నా, ఫోను నీళ్లలో పడ్డా జవాబు ఒక్కటే, సిరొంచ. నా లాప్‌టాప్ తెర పగిలినప్పుడు మాత్రం తలా ఒక ఊరు చెప్పారు. ఒకరు అల్లాపల్లి అన్నారు, ఒకరు చంద్రపూర్ అన్నారు. మిరప కోతకు పోయివచ్చిన వాళ్లు భూపాలపల్లి అన్నారు. మా అన్న దోస్తు ఒకడు సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు సీటీసీలో తప్ప ఇంకెక్కడా చేయించొద్దని ఫోన్‌లో గట్టిగా చెప్పాడు. బాపు ఏ ఊరి పేరూ చెప్పలేదు. "గింత అద్దం పలిగితే మొత్తం పోయినట్టేనా బిడ్డా?" అన్నాడు. అందరి మాటల్లోకీ నాకు పనికొచ్చింది ఆ ప్రశ్నే.

మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, చుట్టుపక్కల గూడేల్లో మాడియా గోండి. సిరొంచ దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది, అవతలి ఒడ్డు కాళేశ్వరం. తూర్పున ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. బ్రిటిషు వాళ్ల కాలంలో 1874 దాకా సిరొంచే ఒక జిల్లాకు ముఖ్యపట్టణం. ఇప్పుడు మా జిల్లా కేంద్రం గడ్చిరోలి. 1982లో చంద్రపూర్ నుంచి విడదీసి చేసిన జిల్లా అది. సిరొంచ నుంచే రెండొందల కిలోమీటర్ల పైమాట. 2011లో వచ్చిన గోండ్వానా విశ్వవిద్యాలయం కూడా అక్కడే ఉంది. పరీక్ష ఫారం నింపాలన్నా, స్కాలర్‌షిప్ కోసం మహాడీబీటీలో కాగితాలు ఎక్కించాలన్నా అంతా ఆన్‌లైనే. అంత దూరం పోలేని వాళ్లకు అది మంచిదే. కాకపోతే ఆ దూరం మొత్తాన్నీ ఒక తెర మీద పెట్టేసినట్టు అయింది.

ఆ తెర పగలడానికి పెద్ద కథేమీ లేదు. సిరొంచలో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికొస్తున్నాను. బస్సులో పైన సామాన్ల కడ్డీల మీద సంచీ పెట్టాను. తర్వాత ఎక్కిన వాళ్లెవరో దాని పక్కనే బియ్యం మూట పెట్టారు. గుంతలో బస్సు ఎగిరినప్పుడు మూట సంచీ మీదికి ఒరిగింది. ఇంటికొచ్చి మూత తీస్తే కుడివైపు కింద నల్లటి మచ్చ, దాని నుంచి పైకి ఆకుపచ్చ గీతలు. అందులో నా పర్యావరణ ప్రాజెక్టు ఉంది. ఊళ్లో బావుల నీళ్ల లెక్కలన్నీ ఒక ఎక్సెల్ ఫైల్లో రాసుకున్నాను. అన్న మిరప కూలీ పైసలు, అవ్వ తునికాకు పైసలు కలిపి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న లాప్‌టాప్ అది. అవ్వ దాని మీద చెయ్యి పెట్టి చూసి, "లోపల వేడిగుంది, బతికే ఉన్నది" అంది. ఆమె అన్నది నిజమే.

లాప్‌టాప్ మూతలో ఉండే తెర ఒక్క ముక్క కాదు. అన్నిటికన్నా వెనక ఎల్‌ఈడీ దీపాల వరస. దాని ముందు, ఆ వెలుతురును అంతటా సమంగా పరిచే తెల్లటి పొరలు. వాటి ముందు రెండు గాజు పలకలు, ఒక్కోటి అర మిల్లీమీటరు అటూ ఇటూ మందం. ఆ రెండు పలకల మధ్య సందు మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ద్రవస్ఫటికం ఉండేది ఆ సందులోనే. దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. కరెంటు తగిలిన కొద్దీ ద్రవస్ఫటికంలోని అణువులు తిరుగుతాయి. గాజుకు ముందూ వెనకా అతికించిన ధ్రువణ పొరలతో కలిసి, కిటికీ రెక్కలు తీసి మూసినట్టు ఎక్కడికక్కడ వెలుతురును వదులుతాయి, ఆపుతాయి. నా తెరలో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు, అంటే పది లక్షలకు పైనే. ఒక్కో చుక్కలో మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గదులు.

ఇన్నిటికీ సందేశం మోసే తీగలు గాజు మీదే ముద్రించి ఉంటాయి. అంచున మొదలై తెరంతా సాగుతాయి. గాజు పగిలిన చోట తీగ తెగుతుంది, అక్కడి నుంచి అవతలి చుక్కలన్నీ దిక్కులేనివి అవుతాయి. పగులు ఒక మూలన ఉంటే గీత పైదాకా పాకడానికి కారణం ఇదే. నల్లటి మచ్చ, ద్రవస్ఫటికం చెదిరిపోయిన చోటు. వేలితో నొక్కితే అది ఇంకా పెరుగుతుంది. అందుకే పగిలిన తెర మీద పారదర్శకమైన టేపు అతికించి, దాన్ని ముట్టకుండా ఉండటమే మేలు. గాజు ముక్కలు రాలవు, వేళ్లకూ గుచ్చుకోవు. పగిలిన తెరకు టూత్‌పేస్ట్ రుద్ది చూపించే వీడియోలు చాలా ఉన్నాయి. గాజు లోపల తెగిన తీగకు టూత్‌పేస్ట్ ఏం చేస్తుందో వాళ్లకే తెలియాలి.

ఈ ద్రవస్ఫటికం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మా ఫిజిక్స్ పుస్తకంలో అది రెండు వాక్యాల్లో అయిపోయింది. 1888లో ప్రాగ్‌లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త, క్యారెట్ల నుంచి తీసిన కొలెస్టరాల్‌తో చేసిన పదార్థం ఒకటి రెండుసార్లు కరగడం చూశాడు. 145 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా అయ్యింది, 178 డిగ్రీల దగ్గర తేటపడింది. మధ్యలో ఉన్న ఆ మబ్బు స్థితే ద్రవస్ఫటికం. దాంతో బొమ్మ చూపించే పలకను అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ లోకానికి చూపేసరికి 1968 వచ్చింది. మన దేశం వాటా కూడా ఉంది ఇందులో. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన తోటివాళ్లు 1977లో బిళ్ల ఆకారపు అణువులతో కొత్త రకం ద్రవస్ఫటికాన్ని కనిపెట్టారు. పక్క నుంచి చూసినా బొమ్మ వెలిసిపోకుండా తెరలకు అతికించే పొరల్లో తర్వాత అలాంటి అణువులనే వాడారు. పక్కన కూర్చున్న వాళ్లకు కూడా సినిమా కనబడుతోందంటే ఆయనను ఒకసారి తలుచుకోవచ్చు.

తెర ఆగిపోయిన ప్రతిసారీ గాజే పోయిందని అనుకోవద్దు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇంట్లోనే తేల్చుకోగలిగినవి ఉన్నాయి. పగులు కంటికి కనబడితే సందేహం లేదు, ప్యానెల్ మార్చాల్సిందే. పగులు లేదు, కానీ మూత కదిపినప్పుడల్లా గీతలు వచ్చి పోతున్నాయంటే అనుమానం కేబుల్ మీద పెట్టాలి. ఆ కేబుల్ మూత కీలు గుండా పోతుంది. తీసి మూసి తీసి మూసి అక్కడే నలుగుతుంది. దాని ఖరీదు ప్యానెల్ ఖరీదులో చిన్న వంతు. తెర నల్లగా ఉంది, కంప్యూటర్ మాత్రం నడుస్తున్న చప్పుడు వస్తోందంటే చీకటి గదిలో తెర మీదికి ఏటవాలుగా టార్చి కొట్టి చూడాలి. మసకమసకగా అక్షరాలు కనబడితే బొమ్మ వస్తోందని, వెనక దీపమే పోయిందని అర్థం. ఇక అన్నిటికన్నా పెద్ద పరీక్ష టీవీకి తగిలించి చూడటం. టీవీలో బొమ్మ శుభ్రంగా వస్తే కంప్యూటర్ గట్టిగానే ఉన్నట్టు. అవే గీతలు టీవీలోనూ వస్తే రోగం మదర్‌బోర్డులో ఉంది, కొత్త ప్యానెల్ కొని లాభం లేదు. దుకాణంలో వాళ్లు చెప్పింది సరో కాదో తెలుసుకోవడానికీ ఇదే కొలత.

టీవీ దగ్గరే మా ఊళ్లో చిక్కొచ్చింది. ఫ్రీ డిష్ డబ్బా నుంచి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగతో నడిచే పాత టీవీలు చాలా ఇళ్లలో ఉన్నాయి. లాప్‌టాప్‌కు ఉండేది హెచ్‌డీఎంఐ రంధ్రం. రెంటికీ మధ్య పెట్టే మార్పిడి డబ్బా దొరుకుతుంది. దాంతో సినిమా చూడొచ్చు కానీ ఎక్సెల్ అంకెలు చదవలేం, అంత మసకగా ఉంటాయి. కొత్త టీవీ పక్కింటి అత్త వాళ్లకు ఉంది. హెచ్‌డీఎంఐ తీగ సిరొంచలో దొరికింది. తగిలించగానే కొన్ని లాప్‌టాప్‌లు వాటంతట అవే టీవీలో బొమ్మ చూపిస్తాయి. చూపించకపోతే విండోస్ మీట పట్టుకుని పీ అక్షరం నొక్కాలి, కింది బాణం ఒకసారి, తర్వాత ఎంటర్. రెండు తెరల్లోనూ ఒకటే బొమ్మ వస్తుంది. తెర ఒక్కటిగా సాగే పద్ధతిలోకి పోయి ఫైలు పగిలిన వైపు తెరుచుకుంటే, విండోస్, షిఫ్ట్, కుడి బాణం కలిపి నొక్కితే అది టీవీలోకి దూకుతుంది. తీగ తగిలించాక మూత మూయకండి. మూస్తే కంప్యూటర్ నిద్రపోతుంది. నిద్రపోకుండా ఉండే ఏర్పాటు సెట్టింగ్స్‌లో ఉంది. దాన్ని ముందే మార్చి పెట్టుకుంటే నయం.

అత్త మంచిదే, కాకపోతే సాయంత్రం ఆమె సీరియళ్లు ఆమెవి. "నీ బావుల లెక్కలు పొద్దుగాల రాసుకోరాదే, కోడలి సంగతి ఏమైతదో నేను చూడద్దా?" అనేది. పొద్దున కూర్చుంటే ఊరి పిల్లలు వెనక చేరి ముప్పై రెండంగుళాల ఎక్సెల్‌ను సినిమా చూసినట్టు చూసేవాళ్లు. మా బావి ఎక్కడుందని అడిగినవాళ్లూ ఉన్నారు. కరెంటు పోతే మాత్రం విచిత్రంగా ఉండేది. మామూలుగా కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ బ్యాటరీ మీద నడవడమే దాని గొప్ప. ఇప్పుడు అది నడుస్తూనే ఉంది, టీవీ ఆరిపోయింది, ఏం నడుస్తోందో చూసే దారి లేదు. అందుకే టీవీ దొరికిన మొదటి గంటలో చేయాల్సింది ప్రాజెక్టు రాయడం కాదు, కావాల్సిన ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. ఆ తర్వాత ఏమైనా సరే, ఏ కంప్యూటర్ సెంటర్‌లోనైనా పని సాగుతుంది.

టీవీ లేని వేళల్లో పగలని సగంతోనే పని గడిపాను. ఎడమ సగం శుభ్రంగా ఉంటే విండోస్, ఎడమ బాణం నొక్కితే చాలు, ఫైలు ఆ సగంలోకి ఒదిగిపోతుంది. చదవడానికి ఇరుకే, టైపు చేయడానికి సరిపోతుంది. చవకలో దొరికే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ ముక్క ఒకటి కొని ఓటీజీ తీగతో ఫోనుకు పెడితే ఫోను తెరే లాప్‌టాప్ తెర అవుతుందని తర్వాత తెలిసింది. దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. మా వైపు వాళ్లకు ఆ మాట ముఖ్యం.

ఇంకొకటి తెలిశాక నా బాధ కొంచెం చిన్నబోయింది. కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే విండోస్‌లోనే ఉన్న నరేటర్ అనే గొంతు తెర మీదున్నది చదివి చెబుతుంది. చూపులేని వాళ్లు లాప్‌టాప్ వాడేది ఇలాగే. వాళ్లకు తెర వెలిగినా ఆరినా ఒకటే. 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు మైకేల్ కరన్ ఎన్‌వీడీఏ అనే ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు, తర్వాత చూపులేని జేమ్స్ టే కూడా తోడయ్యాడు. అది తెలుగు కూడా చదువుతుంది, గొంతు కొంచెం బండగా ఉంటుంది, అంతే. నేను తెర లేదని ఊరంతా తిరుగుతున్నప్పుడు, తెరతో పని లేకుండానే డిగ్రీలు పూర్తిచేసిన వాళ్లు దేశంలో ఎందరో ఉన్నారు. కళ్లు మూసుకుని నరేటర్‌తో ఒక ఫైలు తెరవడానికి ప్రయత్నించి చూడండి, వాళ్ల ఓపిక ఏపాటిదో తెలుస్తుంది.

ఇక కొత్త ప్యానెల్. కంపెనీ పేరు, లాప్‌టాప్ పేరు చెప్పి ధర అడిగితే ఒక్కో దుకాణం ఒక్కో మాట చెబుతుంది. కావాల్సిన నంబరు అక్కడ లేదు. పగిలిన ప్యానెల్ వీపు మీద స్టిక్కరు ఉంటుంది, అసలు పేరు దాని మీదే ఉంటుంది. లాప్‌టాప్ మీద ఏ కంపెనీ బొమ్మ ఉన్నా లోపలి ప్యానెల్ తయారుచేసేవి ఎక్కువగా తైవాన్, చైనా, కొరియాలకు చెందిన కొన్ని కంపెనీలే. బీ156 అని మొదలైతే ఏయూఓ, ఎన్‌టీ156 అయితే బీఓఈ, ఎల్‌పీ156 అయితే ఎల్‌జీ, ఎన్156 అయితే ఇన్నోలక్స్. 156 అంటే 15.6 అంగుళాలు. స్టిక్కరును ఫోటో తీసి పంపితే ఆరా తీసే మాటలు సగం తగ్గుతాయి. దాంతోపాటు కనెక్టర్‌కు 30 పిన్నులా 40 పిన్నులా, పక్కలకు స్క్రూలు బిగించే చెవులు ఉన్నాయా లేవా, తెర 1366 రకమా 1920 రకమా చెప్పాలి. ఇవి కలవకపోతే వచ్చిన ప్యానెల్ మూతలో పట్టదు, లేదా పట్టినా వెలగదు. మంచి తెర వేయించుకుందామని 1366 స్థానంలో 1920 అడిగితే పాత కేబుల్ దానికి చాలకపోవచ్చు.

అన్న దోస్తు చెప్పిన సీటీసీ అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్. హైదరాబాద్ చుట్టుపక్కల చదువుకున్న ఎవరినడిగినా అక్కడి మెట్ల గురించి ఒక కథ చెబుతారు. సరుకు అక్కడ చవకే, కానీ మా ఊరి నుంచి పోయిరావడానికి అయ్యే ఖర్చు కలిపితే చవక కాదు. నేను గోదావరి ఇవతలి దుకాణాలకూ అవతలి దుకాణాలకూ ఫోటో పంపాను. నదికి అటువైపు ఒక రిపేరు అన్న ప్యానెల్ తెప్పిస్తానన్నాడు, బిగించడంతో కలిపి నాలుగు వేల రెండొందలు అడిగాడు. "స్టూడెంటును అన్నా" అన్నాను. "ప్యానెల్ నాకు స్టూడెంటు రేటుకు ఇయ్యరు చెల్లె" అన్నాడు. చివరికి నాలుగు వేలకు ఒప్పుకున్నాడు. డబ్బు ఇచ్చే ముందు వెలిగించి, తెల్ల పేజీ ఒకసారి, నల్ల పేజీ ఒకసారి తెరిచి చూడమని తనే చెప్పాడు. ఎక్కడైనా చచ్చిన చుక్క ఉంటే అప్పుడే బయటపడుతుంది.

బిగించే పని చూస్తే ఆశ్చర్యమేసింది. ముందు బ్యాటరీ తీగ పీకాడు. కరెంటు ఉండగా ప్యానెల్ కనెక్టర్ ముట్టుకుంటే దీపాల ఫ్యూజు కాలిపోతుందట, కొత్త ప్యానెల్ కూడా అప్పుడే పోతుందట. తర్వాత తెర చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రాన్ని గోటితో లేపాడు. నాలుగు స్క్రూలు, వెనక్కు వంచి కనెక్టర్ మీది టేపు తీసి, పాతది బయటికి, కొత్తది లోపలికి. మేం ఆర్డరిచ్చిన చాయ్ రాకముందే అయిపోయింది. ఇన్ని ఊళ్ల పేర్లు విని, ఇంత తిరిగిన పని ఇదా అని నవ్వొచ్చింది. ఈ పనిలో కష్టం స్క్రూలది కాదు, దూరానిది.

నాది పాత ఆఫీసు రకం లాప్‌టాప్ కాబట్టి అంత సులువైందని అతనే చెప్పాడు. ఇప్పుడొచ్చే పలుచని వాటిలో చట్రం జిగురుతో అతికించి ఉంటుంది, కొన్నిటికి మూత మొత్తం మార్చాలి. మావంటి ఊళ్లలో చదువుకునే వాళ్లకు నా మాట ఇదే: కొత్తగా మెరిసే చవక లాప్‌టాప్ కన్నా స్క్రూలు కనబడే పాత ఆఫీసు లాప్‌టాప్ కొనుక్కోండి. బరువుంటుంది. ఉండనీండి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులోనే ఒక పోర్టల్ కూడా తెరిచింది. విడిభాగాలు, మరమ్మతు వివరాలు కంపెనీలు అందరికీ తెలియజేయాలన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే, కాకపోతే తెర పగిలిన వాడు ఆ పోర్టల్ చూడటానికి కూడా పక్కింటికి పోవాలి.

ఈ మధ్య మా కాలేజీ జూనియర్ ఒకడు తన లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. కొత్త ప్యానెల్‌కు ఐదు వేలు అడిగారట. పగులు ఎక్కడా లేదు. మూత సగం తెరిస్తే బొమ్మ బాగుంది, ఇంకొంచెం వెనక్కి వంచితే గీతలు. అత్త వాళ్ల టీవీకి తగిలించి చూశాం, సీరియల్ మొదలుకాక ముందే. టీవీలో ఏ గీతా లేదు. నది అవతలి అన్నకు ఫోన్ చేసి మోడల్ నంబరు చదివాను. "కేబులే అయ్యుంటది, తెప్పిస్త" అన్నాడు. "వానలు పడకముందే రమ్మను. 2022 జూలై వరద యాదికున్నది కదా, గోదారి పొంగితే నేను ఈడ, మీరు ఆడ."